కొలత

విశాపట్నంలో బాంబు పడిన వారానికి
మా మిల్లుకి కాయితం వొచ్చినాది.
సంపావతి ఒడ్డున గోగు ఊరేసిన కంపు అలాగే ఉన్నాది,
ఆరుగంటల కూత అలాగే కూసినాది,
గదిలో మాత్రం దొర నిలబడున్నాడు.
ఇరవయ్యేళ్ళలో ఆ కుర్సీ కాళీగా
నానెప్పుడూ సూణ్ణేదు.

ఇంక బియ్యం సంచుల్నేవు,
కలకత్తా బేరం నేదు.
కొలత సిన్నది, మూతికి తాడు,
నింపేది ఇసక.
"ఏట్లో ఊరికే పడుంటాది కదా బావూ,
దానికి సొక్కా కుట్టడమేటి?" అన్నాది ఎర్నమ్మ.
గుమస్తా పంతులు నవ్వనేదు.
యుద్ధంలో సర్కారుకి హక్కుందిట:
మిల్లు దొరదే,
ఏది నెయ్యాలో, ఎంతకమ్మాలో సర్కారుది.

నాకు ముందటేడు గేపకం వొచ్చినాది.
నార దుమ్ములో పిల్లలు దగ్గుతున్నారు,
పడుకోబెట్టడానికో పాక ఏయించండని
కచేరీ మెట్లెక్కేం.
సిరస్తాదారు అర్జీ సదివి కళ్ళజోడు తీసి
"ప్రైవేటు మిల్లమ్మా, పరాయి సొత్తులో
సర్కారు వేలు పెట్టకూడదు" అన్నాడు.
ఎంత మర్యాదగా అన్నాడో.

ఆ ఏలే ఇప్పుడు
మరలు తిప్పినాది, రాత్రి పాళీ పెట్టినాది.
నాలుగు రోజుల్లో.

ఆసాడం ముసురు. మా తవిటయ్య
సిరిగిన సంచొకటి మూల మడిసి
నెత్తినేసుకుని ఇంటికొచ్చేడు.
ఏటా ఏసుకుంటాడు, దొరకితే రెండణాలు కోత,
ఆ కోతా మాకలవాటే.
ఈపాలి సంచి దొరది కాదు.
ఆర్నెల్లు.
కోర్టులో బల్ల మీద పరిసేరు దాన్ని,
ఇంకా తడారనేదు,
ఆడి నెత్తినూనె మరక కూడా ఉన్నాది.
యుద్ధ సామగ్రి అని రాసుకున్నారు.
కుట్టు సూసేను. నాదే.
మూలకి రెండు ముళ్ళేసి తెంపుతాను నాను.

ఆ ఏడు బియ్యం నేవు.
సింతగింజలు దంచి అంబలి కాసేం.
రాత్రులు లాంతరుకి నల్లగుడ్డ కట్టి
ఇసక సంచులు కుట్టేం, కుట్టేం,
ఎక్కడికెల్లినాయో, ఎవుల్ని కాసినాయో
ఎవులూ సెప్పనేదు.

యుద్ధం ఐపోనాది.
కాయితం ఎనక్కెల్లిపోనాది, దొర కుర్సీలో కూకున్నాడు.
పాక మాట మళ్ళీ ఎత్తేం.
"ప్రైవేటు మిల్లమ్మా" అన్నారు.

తవిటయ్య తాటాకు గొడుగొకటి కొనుక్కున్నాడు.
నాను మళ్ళీ బియ్యం సంచులే కుట్టేను గానీ,
సెయ్యి సానాళ్ళు ఇననేదు,
సగం కొలతలోనే ఆగి
రెండు ముళ్ళేసి తెంపీసేది.