తొంభై శాతం

ఒకటో తేదీ తెల్లారకముందే
గడ్డం గీయమంటాడు కుళ్లాయప్ప.
పోయిన నెల ఫోను గుర్తుపట్టలేదు.
సచివాలయం పిల్లోడు మూడుసార్లు మొగంమీదికి పట్టి
"అన్నా, కొంచిం రెప్ప కొట్టు" అన్యాడు.
మెడ కింద ఏదీ కదలని మనిషిని
బతికే ఉండావని చూపించమంటే
ఏం చేస్తాడు,
కొట్టినాడు.
రొండుసార్లు ఎక్కువే కొట్టినాడు.

వేలిముద్రలు ఎప్పుడో పాయ.
తాడిపత్రిలో పద్దెనిమిదేండ్లు
బండలకు పాలిష్ పట్టిన వేళ్లు అవి.
ఎవురెవురి ఇండ్లల్లోనో
కాళ్ల కింద నున్నగా ఉంటాయి ఆ గీతలు,
ఆడికి పోయి తెచ్చుకోమంటారా?

మొదుట డెబ్బై అని రాసిచ్చినారు.
డెబ్బైకి ఆరువేలే.
ఇంగా పదైదు శాతం పడిపోవల్లంట మనిషి
పదైదువేలకు.
పడుకున్నోడు ఇంగా యాడికి పడతాడు సామీ అని
అనంతపురం పెద్దాసుపత్రి మెట్లకాడ
ఎవురిని అడగల్లో తెలీక
ఆటోవాన్ని అడిగినా.
వాడు వెయిటింగ్ చార్జి అడిగె.

రొండో క్యాంపులో తొంభై వచ్చింది.
తొంభై!
కాయితం కొంగున కట్టుకోని
బస్టాండులో పావుకిలో మైసూరుపాకు కొన్యా.
అదే వారం మా షాహిదా
లెక్కల్లో నలభైరొండు తెచ్చుకోనొస్తే
తిట్టినా గూడా.
ఇంటికొచ్చి ఆ ముక్క ఆయన నోట్లో పెడతాంటే
చెయ్యి ఆగిపాయ.
దేనికి పెడతాండా నేను?
ఆయనే నోరు తెరిచి "పెట్టు" అన్యాడు,
"పాసైనా గదా."

అది ఉగాది ముందర మాట.
పీర్ల పండగ గూడా అయిపాయ.

పిల్లోడు మంచోడే.
"శాంక్షన్ అయింది మాబున్నక్కా, పైన పెండింగ్."
పైన అంటే యాడ అని నేను అడగను.
పైకి చూస్తే రేకులు,
రేకుల్లో మొన్నటి గాలివాన బొక్క.

రాని తొమ్మిదివేలు మాత్రం
నా దగ్గర ఎప్పుడో ఖర్చయిపాయ.
గాలి పరుపు, పైపు మార్చే నర్సమ్మ,
నడుముకాడ పుండుకు పౌడరు,
మెడికల్ షాపు ఓబులేసు పుస్తకంలో రొండు పేజీలు.
మిగిలిన మున్నూరు
యాడ పెట్టల్లో తెలీక దినామూ మారుస్తాంటా.
నిన్న రాత్రి దాన్ని దోమతెర జేసినా.

ఈ పొద్దు గడ్డం గీస్తాంటే
చెవి కింద కొంచిం తెగింది.
"స్స్" అన్యాడు.
ఆడ ఇంగా తెలుస్తాది ఆయనకు.
సందు మొదుట్లో బండి సప్పుడు వినపడంగానే
కండ్లు మూసి తెరిచి, మూసి తెరిచి
ప్రాక్టీసు చేస్తాండాడు.

నేను మంచం కింద ఉచ్చ సంచి కనపడకుండా
దుప్పటి కిందికి లాగి
పొయ్యికాడికి పోతాండా.
ఆరో, పదైదో,
వచ్చినోడికి టీ అయితే పెట్టల్ల గదా.