బరువు చీటీ

గుంతకల్లు జంక్షన్, మూడో ప్లాట్‌ఫారం.
ఉగ్గాణి బండికీ నీళ్ల కొళాయికీ నడుమ
ఎర్రబల్బులు పచ్చబల్బులు వెలుగుతా ఆరతా
నిలబడి ఉండేది బరువు మిషను.
రూపాయి వేస్తే లోపల చక్రం తిరిగి
టక్కున ఒక అట్టముక్క పడేది.
ఒకపక్క కిలోలు, ఇంకోపక్క తలరాత.

ఆ తలరాతల్ని నింపేది మా హుసేనప్ప మామ.
శుక్రవారం పొద్దున తాళం తీసి
కట్టలు కట్టలుగా లోపలికి దోపుతుంటే
నేను టార్చి పట్టేవాణ్ణి.
బ్రహ్మదేవుడి చేతులకి గ్రీసు ఉంటుందని
నాకు అప్పుడే తెలిసింది.

ఒకసారి ప్రెస్సోళ్లు ఏం పొరపాటు చేసిరో
కట్టలన్నిట్లోనూ ఒకటే మాట వచ్చె:
"మీ మంచితనమే మీకు శత్రువు."
వాపసు పంపి కొత్తవి తెప్పించాలంటే వారం.
మామ తల గోక్కుని
"నింపురా, చూద్దాం" అన్నాడు.

ఆ వారమంతా గుంతకల్లులో
అందరి నొసటా ఒకటే గీత.
పత్తికొండ వడ్డీ వ్యాపారి
"రాసినోడెవడో గాని నన్ను చూసి రాసినాడు" అని
చీటీని నోట్ల నడుమ దాచుకున్నాడు.
తమ్ముడి పొలంలోకి గట్టు జరిపి
కోర్టు వాయిదాకి పోతున్న ఆసామి
కండ్లు తుడుచుకున్నాడు.
జేబులు కొట్టే ఓబులేసు సైతం
(ఆ రూపాయి ఎవరిదో దేవునికెరుక)
నిట్టూర్చి తల ఊపినాడు.
ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు
"ఇది నాది కాదు" అనలేదు.

మిరప కోతకి గుంటూరు సుగ్గికి పోయే ఆడమనిషి
చంకలో బిడ్డతోనే ఎక్కింది.
ఇద్దరూ కలిసి నలభై నాలుగు.
చదువు రాదు, చీటీ మామకిచ్చి
"ఏం రాసిందన్నా?" అనె.
మామ చదివినాడు.
ఆమె కొంచెంసేపు ఆలోచించి
"మంచితనమా? దానికి నాకు తీరికేడిది!" అని నవ్వి,
చీటీని బిడ్డ చేతికిచ్చి రైలెక్కె.
కిటికీలోంచి చూస్తే
బిడ్డ దాన్ని నమలతా ఉండె.

మిషను ఎత్తేసే ముందురోజు రాత్రి
హుబ్లీ బండి పోయి
కుక్కలూ మేమూ మిగిలినాక
మామ చెప్పులు విడిచి పక్కన పెట్టి
మిషనెక్కినాడు.
ఎన్నో చీటీలో ఏముందో
నింపిన చేతులకి తెలీదా?
అయినా రూపాయి వేసినాడు, సొంత రూపాయి,
ఇరవై ఏండ్లలో మొదటిసారి.
చక్రం తిరిగినంతసేపూ
ఊపిరి బిగబట్టినాడు. నేను చూస్తి.

చీటీ పడింది.
తిప్పి చూడకనే టోపీ మడతలో దోపుకున్నాడు.
"చదవలేదేం మామా?" అంటే
"తలరాత కోసం కాదురా,
ఊరికే బరువు చూసుకుందామని" అనె.

బరువూ దాని మీదే ఉంటుంది గదా అని
నేను అడగలేదు.
బళ్లారి తట్టు నుంచి గూడ్సు వస్తా ఉండె.
పెట్టెలు లెక్కపెడతా కూచుంటిమి,
యాభై ఎనిమిదో, తొమ్మిదో.