పచ్చ వైరు

శుక్రవారం పొద్దుగూకినంక, సోహార్‌ల,
ఫలజ్ రోడ్డు క్యాంపు, పద్నాలుగో నంబరు రూముల
మా ట్రస్టు మీటింగు.
ఆఫీసంటే ఇనుప బీరువల పై అర.
ఖజానా అంటే నిడో పాలపొడి డబ్బా.
కార్యదర్శి లింబాద్రి లుంగీ మీదనే కూసుంటడు,
మెడల కండ్లద్దాలు, ఒళ్లె లెక్కల బుక్కు.
మనిషికి ఒక రియాలు.
ఓవర్‌టైం పడ్డోనికి రెండు.
జీతం ఆగినోని పేరు ఎదురుంగ సున్నా పెట్టం,
ఉత్త గీత గీస్తం, అంతే.

రిజిస్ట్రేషన్ నాడు కోరుట్ల ఆడిటరు ఫోన్ల అడిగిండు:
"ఉద్దేశం ఏం రాయాలె?"
ఒక్కసారే అందరం ఒర్రినం.
గుడి అన్నరు, బడికి గేటన్నరు,
దాతల పేర్లతోని కమాను అన్నరు.
ముత్తెన్న మాత్రం కుడిచెయ్యి ఎత్తిండు.
మూడే వేళ్లు దానికి.
"కోత మిషిను గురించి నాకు ఎవ్వలు చెప్పలే" అన్నడు.
ఇగ ఎవ్వలు మాట్లాడలే.
సర్కారు బడి పిల్లలకు చేతిపని చదువు, అని రాయించినం.

పక్క రూము గుల్ జమీన్ పెషావర్ దిక్కోడు.
ఆయన సుత ప్రతి వారం ఒక రియాలు ఏస్తడు.
మా ఊరు యాడుందో తెల్వదు,
పేరు రాయొద్దంటడు.
లింబాద్రి ఆ వరుసల "పొరుగు" అని రాస్తడు.

నేను పని నేర్చింది తిట్లతోని.
ఏజెంటు వీసల ఎలక్ట్రీషియన్ అని కొట్టిచ్చిండు.
అప్పటికి నాకు తెలిసిన కరెంటు
బాయికాడి స్టార్టరు మీద రెండు బొత్తాలు.
మొదటి వారం ఫోర్‌మన్ న్యూట్రల్ ఏదిరా అంటే
పానా అందిచ్చిన.
ఇక్కడి ఇసుకకు కరెంటు మింగుడు చాతగాదు.
ఎర్త్ గుంతల బొగ్గు పోసి, ఉప్పు పోసి,
ట్యాంకరు నీళ్లు తాపి బతిమిలాడాలె.
ఇరవై రెండేండ్ల సంది
ఎండిన నేలను బతిమిలాడుడే నా కొలువు.

రెండేండ్ల డబ్బాలు బోర్లిస్తే
ఒక చిన్న లేత్, ఆరు మల్టీమీటర్లు,
వెల్డింగు అద్దాలు ఇరవై,
లింబాద్రి బేరంతోని ఇంకోటి.
పోయిన సెలవుల నలభై రోజులకు పదకొండు
ఆ బడి రూము వైరింగుకే పోయినయి.
మా ఆమె రెండు రోజులు పలకలే.
బోర్డు లోపలి మూలకు, ఎవ్వలకు కనవడకుంట,
పెన్సిల్‌తోని నా పేరు రాసుకున్న.
ఇక్కడ ఎన్ని బంగ్లలకు వెలుగు పెట్టిన,
ఒక్క గోడ మీద రాసుకోలే.

ఇయ్యాల సారు వీడియో కాల్ చేసిండు.
తొమ్మిదో తరగతి తహూరా,
బీడీలు చేసే ఖైరున్నీసా బిడ్డ,
మీటరు పట్టుకొని నిలవడ్డది.
"అంకుల్, మూడో సాకెట్ల ఎర్త్ లేదు."
రూమంత నా మొకం చూసింది.
"మళ్లొకసారి చూడు బిడ్డా."
"మూడుసార్లు చూసిన.
ఫేజ్‌కు న్యూట్రల్‌కు రెండువందల ముప్పై సక్కగున్నది.
ఎర్త్‌కు పెడితే అంకెలు ఒక్కకాడ నిలుస్తలేవు.
పచ్చ వైరు ఊకెనే పెట్టిండ్రు, స్క్రూ బిగియ్యలే."
జరసేపు బోర్డుల తల పెట్టి
"ఇక్కడ రాజలింగం అని ఎవరో రాసిండ్రు సార్" అన్నది.
సారు దగ్గిండు.

నేనే బిడ్డా, అన్న.

పరవాలేదనలే ఆ పిల్ల, నవ్వలే.
"బిగియ్యమంటరా?" అన్నది.
"ముందు మెయిన్ బంద్ చెయ్యి."
"చేసే తెరిచిన."

ఎనకకు ఒరిగి గోడకు ఆనుకున్న.
ఏసీ గుర్రుగుర్రుమంటున్నది.
సిగ్గో, ఏందో, చెవులు మాత్రం కాలినయి.

లింబాద్రి బుక్కు తీసి
నా పేరు మీద జరిమానా రెండు రియాళ్లు రాసిండు.
ఐదు ఇచ్చిన.
మిగిలింది స్క్రూడ్రైవరుకని చెప్పిన.
ఆ పిల్ల చేతిలదానికి పిడి పగిలింది, చూసిన.