మ్యూరియల్ గారి చరణం

గురువారం మూడు గంటలకి క్లైవ్ వస్తాడు
అకార్డియన్‌ని పసిబిడ్డలా చంకనేసుకుని.
ముప్పై ఏళ్లు గ్రిమ్స్‌బీలో సిటీబస్సు నడిపాడట,
ఇప్పటికీ పాట మొదలెట్టే ముందు
ఓసారి వెనక్కి తిరిగి చూస్తాడు,
అందరూ ఎక్కారా లేదా అని.

మేం కుర్చీలు గుండ్రంగా జరుపుతాం,
పెద్దక్షరాల పాటల కాగితాలు పంచుతాం.
సగం మంది తలకిందులుగా పట్టుకుంటారు.
ఫరవాలేదు, ఎవరూ చదవరు.
పొద్దున ఏం తిన్నాడో గుర్తులేని ఆల్ఫ్
మూడో చరణంలో ఒక్క మాట జారనివ్వడు.
టీ చల్లారిపోతుంది.
బిస్కెట్లు కప్పుల్లో మునిగి చస్తాయి.

ఈ పాటలు నావి కావు.
మొదటి నెలంతా పెదాలు ఆడించానంతే,
ప్రార్థనకి ఆలస్యంగా వచ్చిన బడిపిల్లలా.
రెండో చలికాలం,
రాత్రి డ్యూటీ దిగి బస్సులో కూర్చుంటే
ఎవరో కూనిరాగం తీస్తున్నారు.
చూద్దును కదా, నేనే.

మ్యూరియల్ గారు పాడరు.
పదకొండు నెలలుగా మాటే లేదు.
కిటికీ పక్క కుర్చీ, ఒళ్లో చేతులు.
ఆ చేతులు మాత్రం ఊరుకోవు,
కుడిది ముందుకి, ఎడమది వెనక్కి, ఒక మెలిక,
మళ్లీ కుడిది ముందుకి.
వణుకు అని ఫైల్లో రాశాం.
దానికో మాత్ర కూడా ఇస్తున్నాం.

ఆ గురువారం క్లైవ్ అందుకున్నది
దీపం పట్టుకుని రేవులో నిలబడ్డ పిల్ల పాట.
వస్తానని వెళ్లిన పడవవాడు, వెన్నెల, కన్నీళ్లు.
అందరూ కళ్లు మూసుకుని ఊగుతున్నారు.
రెండో చరణం దగ్గర
కిటికీ వైపు నుంచి ఒక గొంతు లేచింది,
తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టు.

రాగం అదే. మాటలు వేరు.
పిల్ల దీపం ఆర్పేసింది.
పడవవాడి లోపలి లాగు దండెం మీద ఆరేసింది,
చిల్లులు లెక్కపెట్టింది,
వాటిలోంచి కనబడ్డదాన్ని
మేస్త్రీ ముక్కుతో పోల్చింది.
ఇంక ఆ పైన నేను రాయను.
పెళ్లి బంతిలో వియ్యపురాలి మీద
మా మేనత్తలు కట్టే పాటల్లో కారం
ఈ ఉత్తర సముద్రం ఒడ్డున
అదే పాళ్లలో దంచారెవరో.

క్లైవ్ బ్రేకు వెయ్యలేదు.
ఆల్ఫ్ తొడ చరిచాడు.
చర్చిలో పూలు సర్దే డొరీన్ గారు,
ఎనభై తొమ్మిదేళ్ల మనిషి,
"తర్వాతది నాది" అని లంకించుకుంది.

అప్పుడు బయటపడింది, ఇద్దరిదీ ఒకే షెడ్డని.
రేవు వెనక వలలు అల్లే షెడ్డు,
నలభై మంది ఆడవాళ్లు, తారు వాసన,
చేతికో చెక్క సూది.
మేస్త్రీ అటు తిరగ్గానే
పాట ఇటు తిరిగేది.
మూడేళ్లుగా ఒకే గదిలో టీ తాగుతున్నారు,
ఒకరినొకరు పోల్చుకోలేదు.

లొరెయిన్ కోటు విప్పకుండానే నిలబడిపోయింది.
"అమ్మ ఇంట్లో కీర్తనలు తప్ప పాడేది కాదు"
అంది, ఎవరితోనూ కాదు.
చెవుల దాకా ఎర్రబడి, నవ్వుతూ,
తల్లి చేతులకి రాద్దామని తెచ్చిన క్రీము మూత
తిప్పుతూనే ఉంది.

పాట అయింది.
"అమ్మా" అంటే మ్యూరియల్ గారు పలకలేదు.
వచ్చే గురువారం పాడలేదు.
ఆ పై గురువారమూ లేదు.

ఫైల్లో వణుకు కొట్టేసి
వల అని రాశాను.
ఇదేం లక్షణం అంది మేనేజరు.

పౌండు కొట్లో పురికొస ఉండ కొని
ఆవిడ ఒళ్లో పెట్టాను.
కన్నెత్తి చూడలేదు.
సాయంత్రం పక్కకి కూర్చుని
సాక్సు తొడిగి లేవబోతే
నా ఆప్రన్ నాడా కుర్చీ కోడుకి బిగిసి ఉంది.
చిన్న ముడి, మేకు కొట్టినట్టు.
విప్పడానికి పావుగంట పట్టింది నాకు.
ఆవిడ కిటికీలోంచి
సముద్రం కేసి చూస్తూనే ఉంది.