ఇద్దరు మంగాయమ్మలు

మాది శివారండి.
కాలువ నీళ్ళకైనా, కేబులు తీగకైనా.
లాకుల దగ్గర వదిలిన నీరు
దారిలో చేలన్నీ తాగగా మిగిలితే మాకొస్తుంది.
తీగా అంతే,
రొయ్యల చెరువుల గట్లు దాటి, కొబ్బరి మట్టల కింద వేలాడి
ఆఖరి స్తంభం నుంచి మా ఇంట్లోకి దిగుతుంది.

అందుకే ముందు తీగనే అనుమానించాను.
రాత్రి టార్చి పట్టుకుని స్తంభం దాకా వెళ్ళాను.
తెగలేదు. ఉడత కొరకలేదు.
ఎండు మట్ట ఒకటి దానికి తల ఆనించి ఊరుకుంది.

ఇంట్లో పెట్టె మీద నాలుగు దీపాలూ పచ్చగానే ఉన్నాయి.
లోపల మనిషి ఉన్నట్టే.
తలుపు తీయడు.

నీలం వైరు ల్యాప్‌టాప్‌కి గుచ్చి
డోరు నంబరు చెప్పి పిలిచాను:
నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది,
ఒకటి, ఒకటి.
గడువు దాటింది. గడువు దాటింది.
మధ్యలో ఒక్కసారి మాత్రం
గోడవతల ఎవరో దగ్గినట్టు
ఒక్క పలుకు.
మళ్ళీ గడువు దాటింది.

పొద్దున్న పదింటికి చెన్నై షావుకారికి
పన్నెండు టేబుల్ గుడ్డల ఫొటోలు చేరాలి.
సెల్లుకి మా వీధిలో ఒకటే గీత,
అదీ పిట్టగోడెక్కి చెయ్యి చాపితే.

బుల్లబ్బాయి నిద్రలోంచే అన్నాడు:
"ఆపి ఆన్ చెయ్యత్తా."
ఆపాను. ముప్పై లెక్కపెట్టాను.
లేసు అల్లే చేతులు, లెక్క తప్పవు.
దీపాలు ఒక్కొక్కటే లేచాయి,
మాట మాత్రం లేవలేదు.

"అయితే వెనక చిల్లులో పిన్ను పెట్టి నొక్కు."
"నొక్కితే?"
"అన్నీ మర్చిపోద్ది."
"మళ్ళీ గుర్తుచేసేదెవరు?"
"రేపు సాయంత్రం వస్తాగా."

పిన్ను దొరకలేదు, లేసు సూది తీశాను.
మొన చిల్లులో ఆనింది,
లోపలేదో లేత చిగురులా వెనక్కి తగ్గింది.
అక్కడే ఆగిపోయాను.
దాని పేరు, తాళం మాట,
బుల్లబ్బాయి ఏ సిగరెట్ పెట్టె మీదో రాసుకున్న అంకెలు,
అన్నీ పోతాయి కదా.
తప్పు దొరక్కుండా పది వరసలు విప్పే రకం కాదు నేను.
తప్పిన కుట్టెక్కడో ముందు వెతుకుతాను.

ఇవాళ కొత్తగా ఏం కలిపాను?

మధ్యాహ్నం భీమవరం పాత సామాన్ల కొట్లో
ఏడొందలకి తెచ్చిన రెండో పెట్టె.
మేడ మీద రేకుల గదిలో అల్లుకునే అమ్మాయిలకి అందాలని
కింద నుంచి వైరు లాగి పెట్టాను.
పెట్టగానే వెలిగిందని మురిసిపోయాను కూడా.
పైకెళ్ళి తిరగేసి చూస్తే
అడుగున మాసిన చీటీ:
నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది,
ఒకటి, ఒకటి.

ఓసి నీ ఇల్లు బంగారం కానూ.

మా వీధిలో ఇద్దరు మంగాయమ్మలుండేవారు.
ఒకే ఇంటిపేరు, చుట్టరికం లేదు.
పోస్టుమాను ముందు అరుగు మీద ఎవరు కనబడితే
వాళ్ళ చేతిలో పెట్టేసేవాడు.
ఒకామె బాకీ నోటీసు రెండో ఆమె చదివించుకుని
రెండు రోజులు అన్నం మానేసింది.
వీధిలోంచి పిలిస్తే ఇద్దరూ "ఆఁ" అనేవారు,
లేకపోతే ఆవిడ పలుకుతుందిలే అని
ఇద్దరూ ఊరుకునేవారు.
చివరికి ఒకామెని మిల్లు మంగాయమ్మని చేశాం.
ఆమెకి మిల్లు లేదు. మిల్లు పక్కన ఇల్లు, అంతే.

పై వైరు పీకి, కిందికొచ్చి పిలిచాను.
రెండు మిల్లీసెకన్లు.
ఈ మాత్రం దానికా అన్నట్టు పలికింది.

ఆనక కొత్తదాన్ని ఒళ్ళో పెట్టుకుని
దానికి వేరే నంబరిచ్చాను: ఒకటి, రెండు.
అడుగున చీటీ మీద పెన్నుతో దిద్ది
పక్కనే మిల్లు అని రాశాను.
బుల్లబ్బాయి చూస్తే నవ్వుకుంటాడు, నవ్వుకోనీ.

ఫొటోలు వెళ్తున్నాయి. ఏడోది సగంలో ఉంది.
కాలువ గట్టు మీద ఎవరో మోటారు వేశారు,
ఈ రాత్రి వంతు మాది కాదు.

సూదిని దీపానికెత్తి చూశాను.
మొన కాస్త వంగిందా?
వంగలేదేమో.
రేపు దారం చెబుతుంది.