నాలుగు వందల పదహారు గ్రాములు

చండూరు సంతల జొన్నలు ఎవరూ గింజగింజ లెక్కపెట్టరు.
మానికతో ముంచి, పైన అరచేత్తో రాసి,
ఒకటి అనకుండ ‘లాభం’ అని మొదలుపెట్టి
రెండు, మూడు అనుకుంట పోతరు.
అందుకే మోల్ పాఠం రోజు
ఇంట్ల నుంచి ఇత్తడి మానిక సంచిల వేసుకొస్త.
ఇంటర్ ఫస్టియర్, బైపీసీ,
రేకుల కప్పు కింద ఇరవై ఆరు మంది.

మానికెడు జొన్నలు, మానికెడు నువ్వులు:
కొలత ఒకటే, గింజల లెక్క వేరు.
మోల్ దీనికి తిరగలి.
లెక్క ఒకటే, బరువు వేరు.
కార్బన్ పన్నెండు గ్రాములు తూగుతది, సోడియం ఇరవై మూడు,
ఇనుము యాభై ఆరు.
గింజలు మాత్రం ఎవరికైనా అవే,
ఆరు పాయింట్ సున్నా రెండు, పక్కన పది, దాని నెత్తి మీద ఇరవై మూడు.
వెనుక బెంచీల శంషీర్ లేచి
“ఎవరు లెక్కవెట్టిన్రు మేడం, నిద్రపట్టనోళ్లా?” అన్నడు.
నేను గూడ నవ్విన.

గ్రాములను పరమాణు భారంతో భాగిస్తే మోల్‌లు.
మోల్‌లను ఆ పెద్ద సంఖ్యతో గుణిస్తే పరమాణువులు.
తిరిగి రావాలంటే గుణకారం భాగహారమైతది.
మోల్ గడప వంటిది,
తొక్కకుండ లోపలికి పోలేం, బయటికి రాలేం.

బెల్లు కొట్టినంక ఎల్లేశ్వరి ఆగింది.
“ఫ్లోరిన్ పంతొమ్మిదే గదా మేడం?”
అవునన్న.
“ఒకసారి మా బోరు నీళ్లు సీసాల పట్కపోయిన్రు.
లీటరుకు ఐదు పాయింట్ ఏడు మిల్లీగ్రాములని చీటీ ఇచ్చిన్రు.
తాత దాన్ని రేషన్ కార్డుల మడిచి పెట్టుకున్నడు.”

నోట్సు చివరి పేజీ తెరిచింది.
బండలు కొట్టే మనిషి, రోజుకు నాలుగు లీటర్లు.
యాభై ఏండ్లు.
డెబ్బై మూడు వేల లీటర్లు.
“లీపు సంవత్సరాలు వదిలేసినవ్” అన్న.
ఎందుకన్ననో. నోటికి అలవాటు.

నాలుగు వందల పదహారు గ్రాములు.
అర్ధకిలో గూడ కాదు,
ఉప్పు ప్యాకెట్ల సగానికి తక్కువ.
ఇరవై రెండు మోల్‌లకు పిసరంత లోటు.
ఆ పైన నూట ముప్పై రెండు,
దాని వెనుక ఇరవై మూడు సున్నాలు,
గుండ్రంగ, ఒకదానికొకటి తగలకుండ,
ఎర్ర మార్జిన్ దాటి కాగితం అంచు దాక.

“ఏది నిజం మేడం?
గ్రాములల్ల రాస్తే ఏం లేనట్టుంటది.
పరమాణువులల్ల రాస్తే ఊపిరాడదు.”
రెండూ ఒకటే అన్న.
మధ్యల ‘సమానం’ గుర్తు పెట్టినవ్ గదా అన్న.
తాగిందంత ఎముకల ఉండదని,
కొంత పోతదని, ఎంత నిలుస్తదో లెక్కగట్టే సూత్రం
ఈ పాఠంల లేదని గూడ చెప్పిన.
ఆమె పెన్నుకు మూత పెట్టలేదు.
కింద ఇంకో గీత కొట్టి, ఖాళీ వదిలింది.

ఇప్పుడు ఊళ్లె నల్లాలకు కృష్ణ నీళ్లొస్తున్నయి.
ఆ బోరుకు ఎర్ర రంగు పూసిన్రు,
దాని పిడికి మేకపిల్లను కడుతున్నరట.

జనవరిల తల్లిదండ్రుల మీటింగుకు
బుచ్చిరాములే వచ్చిండు, మనుమరాలి భుజం పట్టుకొని.
మెడ లేవదు.
బోర్డు మీద నేను రాసినవేవీ ఆయనకు కనపడలే.
బోర్డు కింద రాలిన సుద్దపొడిని చూస్తున్నడు,
నేను ఇన్నేండ్లల్ల ఒక్కసారీ చూడని దాన్ని.
చేతికట్టె కొసతో మెల్లగ కుప్పజేసి
“ఇవి ఎన్ని గింజలైతయి బిడ్డా?” అన్నడు.
ఇంట్ల ఈ పిల్ల ఏమేం చెప్పిందో!
“ముందు తూకం గావాలె తాతా,
తూకం లేకుంటే ఎట్ల చెప్త?”

తూకం దాక ఆగలేదాయన.
కట్టెతో కొంచెం పొడి పక్కకు జరిపి
‘లాభం’ అన్నడు.
ఇంకొంచెం జరిపి ‘రెండు’ అన్నడు.
మూడు కాడ దమ్ము తీసుకునేటందుకు ఆగిండు.
మేమిద్దరం
నేల దిక్కే చూసుకుంట నిలబడ్డం.