ఖాళీ బండి ఎత్తు

కవాడిగూడ సందులో జహూర్ మిస్త్రీ షెడ్డు.
ముందు చెరుకురసం మిషను, గంట మోగుతూనే ఉంటుంది.
నా పాత ఫార్గో పికప్పుని లోపలికి తోసేసరికి
పొద్దున్న పదకొండు దాటింది.

"ఎంత దించాలె సార్?"
మూడు అంగుళాలన్నాను.
బొటనవేలూ చూపుడువేలూ తెరిచి గాలిలో కొలిచాడు.
"గింతనా?"
ఇంకాస్త సాగదీశాడు, బేరానికి చోటుండాలని.
"అందరు లేపుమంటరు, గుంతలల్ల పోతది, రుబాబుగ కనవడ్తది అని.
దించుమన్నోనివి నువ్వొక్కనివే."
నవ్వి ఊరుకున్నాను.
జవాబు ఉంది. చెప్పాలంటే చాయ్ చల్లారిపోతుంది.

ముందు తుప్పుని బతిమాలాలి.
యూబోల్టుల మెడల మీద కిరసనాయిలు పోసి చాయ్‌కి వెళ్లారు,
వచ్చి మళ్లీ పోసి, మళ్లీ వెళ్లారు.
ఇలియాజ్ అనే కుర్రాడు పానాకి ఇనుపగొట్టం తొడిగి
దానికి వేలాడితే
నట్టు కుయ్యిమని పావు చుట్టు తిరిగింది.

కమాను విప్పారు.
ఎనిమిది పట్టీలు. మధ్య మధ్య గోధుమరంగు పొడి.
అందులో కాగితం పొట్టేమైనా ఉందేమోనని
వేలితో తీసి చూశాను.
తుప్పే.

చిక్కడపల్లిలో మా ప్రెస్సు.
నాంపల్లి గూడ్సుషెడ్డు నుంచి సిర్పూరు కాగితం,
రీముల మీద నేను, నా మీద తాటిపత్రి.
ముందు సీట్లో గట్టయ్య, స్పీడుబ్రేకరు వస్తోందంటే
వెనక అద్దం మీద రెండుసార్లు తట్టేవాడు,
రీములు పట్టుకోమని. నన్ను నేను పట్టుకోమని కాదు.

వైకుంఠరావుగారు రీములు లెక్కపెట్టేవాడు కాదు.
వెనక చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య
తన వేళ్లు దూర్చి చూసేవాడు.
రెండు పడితే సరుకు సరి.
మూడు పడితే దారిలో ఎవరో దిగమింగారు.
నాలుగు పడిన రోజు గట్టయ్య
ప్రెస్సు గుమ్మం ఎక్కకుండానే చెప్పులు వదిలేసి పరిగెత్తాడు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి.
సీసం అక్షరాలు కిలోల లెక్కన పోయాయి,
'క' వత్తులూ 'ళ' గుడులూ ఒకే గోనెలో.
నాకు పదకొండు నెలల జీతం బాకీ.
బండి తీసుకుపో అన్నారు.

ఆ రోజు చూశాను దాని ఎత్తు.
వీపు మీద ఏమీ లేక
పిక్కలు బిగించుకుని నిలబడింది.
చక్రం పైన నా గుప్పిడంతా దూరింది.
ఎవరిదో బండి, నాకు అంటగట్టారనుకున్నాను.

కమాను వంపు ఊరికే ఉండదు,
రాబోయే బరువు కోసం ముందే పట్టిన బిగువు అది.
ఇక బరువు రాదని
దానికి చెప్పినవాళ్లు లేరు.

మూడు పట్టీలు తీసేశారు.
కింది రబ్బరు గుండు సగానికి కోశారు.
జాకీ దించుతుంటే
కూర్చునే ముందు పెద్దవాళ్లు తీసే ఊపిరిలా
ఓ చప్పుడు.

మోకాళ్ల మీద కూర్చుని
చక్రం పైన వేళ్లు పెట్టాను.
రెండు పట్టాయి.

"ఇగ లోడు ఎయ్యకు సార్, ఛాసీ కూసుంటది,"
అన్నాడు జహూర్, చేతులు తుడుచుకుంటూ.
తీసిన పట్టీల వంక ఇలియాజ్ చూస్తున్నాడు.
"మటన్ కొట్టు కత్తులకి మంచి ఉక్కు.
మా మామది ఉంది భోలక్‌పూర్‌ల. ఇయ్యరాదు?"
ఇచ్చాను. ఇంత కాగితం మోసిన ఇనుము
బొక్కలు కొట్టడానికి పోతోంది.
దానికి అభ్యంతరం ఉన్నట్టు లేదు.

సాయంత్రం ముషీరాబాదు దాకా బాగానే వచ్చాను.
గిట్టని వాడెవడో రాత్రికి రాత్రి పోసినట్టున్న
స్పీడుబ్రేకరు ఒకటి అక్కడ.
పాత రోజుల్లో గట్టయ్య ఎక్కించినట్టే ఏటవాలుగా,
ముందు ఎడమ చక్రం, ఆగి, కుడిది.
నాకు తెలియకుండానే చెయ్యి వెనక్కి పోయి
అద్దం మీద రెండుసార్లు తట్టింది.

అయినా సైలెన్సరు తగిలింది.
ఆటోవాడు తల బయటపెట్టి అరిచాడు,
"ఏం పెద్దాయనా, ఎంత లోడేసినవ్?"